అంకుల్ గారి ఊ

కెనడాలో, బ్రాంప్టన్‌లో నర్సింగ్ చదివే రోజుల్లో నేనొక తెలుగువాళ్ల ఇంట్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. పైన ఓనర్లు, గుంటూరు అంకుల్, ఆంటీ. అంకుల్‌కి పదిహేనేళ్లుగా షుగర్. షుగర్ వాళ్లకి పాదాల్లో స్పర్శ ఎంత పోయిందో చూసే పరీక్ష కాలేజీలో నేర్పగానే, ఆయన మీద ప్రయోగించడానికి పైకి పరిగెత్తాను.

"కళ్లు మూసుకోండి అంకుల్. ఈ నైలాన్ దారం అరికాలికి తగిలినప్పుడల్లా ఊ అనండి."

పది చోట్ల నొక్కితే పది ఊలు వచ్చాయి. నరాలు భేషుగ్గా ఉన్నాయని రాసుకుంటుంటే పదకొండో ఊ వినిపించింది. దారం ఆయన కాలికి తగలనే లేదు! అప్పుడు చెవిన పడింది, వంటింట్లోంచి ఆంటీ గొంతు. ఆవిడ చెల్లెలి ఆడపడుచు సంగతులు చెబుతుంటే, అంకుల్ ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ ఊ కొడుతున్నారు.

పొట్ట పట్టుకుని నవ్వాను. రెండు నిమిషాలు మాట్లాడొద్దని ఆంటీని బతిమాలి మళ్లీ మొదలుపెట్టాను. పది చోట్లా నొక్కాను. ఒక్క ఊ కూడా రాలేదు.

అంకుల్ కళ్లు మూసుకునే అడిగారు. "ఇంకా మొదలుపెట్టలేదేమ్మా?"

నా నవ్వు ఆగిపోయింది. మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం.

ఊ అన్నంత మాత్రాన తగిలినట్టు కాదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఆంటీయే రోజూ ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని, ఆయనకి తెలియకుండా పుండేమైనా పడిందేమోనని వెతుకుతారు, కబుర్లు చెబుతూనే. అంకుల్ ఊ కొడుతూనే ఉంటారు.