ముందటి కుర్చీలో రాజన్న

అతిథిసేవాపరాయణుడు, అద్దాల హోటల్ యజమాని రాజన్న పరమపదించారన్న దుర్వార్త ఆదిలాబాద్‌లో వినని చెవి లేదు. ఎట్లా పోయారన్నదే తలా ఒక తీరుగా చెప్పుకుంటున్నారు. ఆయన చివరి పళ్లెం వండినవాణ్ణి నేను. మూడో తరగతిలోనే బడికి దండం పెట్టిన చెయ్యి నాది. అయినా ఇక్కడ అక్షరం తప్పితే అది చదువు లేక కాదు, భయంతో.

కరీంనగర్ దిక్కు మగ్గాల ఇంట పుట్టిన మనిషి ఆయన. అన్నదమ్ములు నేసిన రంగుల గుడ్డలే బల్లల మీద పరిచారు, గోడలకు నిలువుటద్దాలు పెట్టించారు. దర్జా నవాబులది, ధర హమాలీలది. ఒకనాడు దూది మిల్లు హమాలీ ఒకడు జుట్టు నిండా పత్తితో వచ్చి, అద్దంలో తనను చూసుకొని గడపలోనే ఆగిపోయాడు. రాజన్న భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచి, "రా పటేలా, నీ కోసమే జూస్తున్న" అన్నారు. తరువాత నా చెవిలో, "వడ్డించేటప్పుడు మొకం జూడకు మల్లేశం, సిగ్గుపడ్తడు. పళ్లెం జూడు" అన్నారు.

గత్తర, అదే కలరా, వచ్చిన యేడు జనం బయటి తిండికి జడిసిపోయారు. మా అద్దాలు ఒకదాని మొకం ఒకటి చూసుకున్నాయి. అప్పుడు రాజన్న వీధికి కనబడేటట్టు ముందటి కుర్చీలో కూర్చొని, మొదటి పళ్లెం తానే తినడం మొదలుపెట్టారు. గత్తర పోయింది, అలవాటు పోలేదు. ఇట్ల తింటే గిరాకీకి ఏం మిగులుతుందని నేను ఎగతాళి చేసేవాణ్ణి. "నేను తిని బతికుంటేనే నీ వంట మంచిదన్నట్టు" అని నవ్వేవారు.

మొన్న అదే కుర్చీలో పూరీ తిని, చెయ్యి కడుక్కొచ్చి, వెనక్కి వాలారు. మళ్లీ లేవలేదు. అందరి చూపు ఆయన మీది నుంచి పళ్లెం మీదికి, పళ్లెం మీది నుంచి నా మీదికి వచ్చింది. గుండె ఆగిందని డాక్టర్ సాబ్ చెప్పారు. వీధి నమ్మలేదు. మిగిలిన పూరీలు ఎవరూ ముట్టలేదు. నేనూ ముట్టలేదు. పిండి, నూనె, ఆలుగడ్డ, ఒక్కొక్కటి ఇప్పటికీ మనసులో వాసన చూస్తూనే ఉన్నాను.

ఆయన భార్య లచ్చవ్వ నన్ను పిలిపించింది. వచ్చే ఐతారం, ఆదివారం నాడు, హోటల్ తెరవాలట, ముందటి కుర్చీలో నేను కూర్చోవాలట. నవ్వులాటకు, "వంటోడు తన వంట తింటడా వదినా" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నువ్వు తినకుంటే, నువ్వే సంపినవంటరు."

రాజన్నా, మీ వంటి సౌమ్యమూర్తి ఈ పట్నానికి మళ్లీ దొరకడు. ఆ కుర్చీ నాకు చాలా పెద్దది. అయినా ఐతారం పొద్దున కూర్చుంటాను. వచ్చే పెద్దలకు ఒక్కటే మనవి. అప్పుడు నా మొకం చూడకండి, పళ్లెం చూడండి.