తమ్ముడి మడమ

స్టూడియోలో ఏడోసారీ పాట సగంలోనే ఆగిపోయింది. హెడ్‌ఫోన్‌లో తాళం కొట్టే యంత్రం మాత్రం ఆగలేదు. ఎవరి కష్టసుఖాలతోనూ నిమిత్తం లేని కాలంలా టిక్కుటిక్కుమంటూనే ఉంది. అక్క డ్రమ్ము కర్రలు ఒడిలో పెట్టుకుని, చెమట పట్టిన అరచేతులు తుడుచుకుంది.

బృందంలో అందరికీ ఆమె అక్కే. పద్దెనిమిదేళ్లుగా లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. ఆ బరువుకు గట్టిపడిన మణికట్లే సెలవురోజున డ్రమ్ముల మీద ఆడేవి. నిరుడు లాండ్రీ వెనుకగదిలో, ఉతికిన దుప్పట్ల నడుమ, ఆమే, పాడే తమ్ముడూ, ఇద్దరు స్నేహితులూ చేసిన మొదటి ఆల్బమ్ ఊరూరా మోగిపోయింది. రెండోదాన్ని ఒక పెద్ద కంపెనీ చేయిస్తోంది. వారంలో తొమ్మిది పాటలు కావాలి. మొదటి పాటకే దిక్కులేదు.

గాజుతలుపు అవతల సోఫాలో ఒక పెద్దమనిషి సొంత కర్రలతో కూర్చుని ఉన్నాడు. కంపెనీ పిలిపించిన డ్రమ్మరు. ఆయన ఎందుకొచ్చాడో ఎవరూ చెప్పలేదు; చెప్పవలసిన పనీ లేకపోయింది.

"ఇంకొక్కసారి అక్కా," అన్నాడు సౌండు ఇంజనీరు. "ఈసారీ కుదరకపోతే ఆయనతో వాయించేద్దాం. ఏమీ అనుకోకు. ఆల్బమ్ అట్ట మీద నీ ఫొటో ఎలాగూ ఉంటుందిగా."

"దానికో దండ కూడా వేసెయ్ నాయనా," అంది అక్క.



చేతులు అవే, పాటా ఆమెకు కొట్టినపిండే. మరి తప్పెక్కడ? తలెత్తి చూసింది. పక్కగదిలో, గాజు వెనుక, తమ్ముడి నడుము పైభాగం మాత్రమే కనిపిస్తోంది. అప్పుడు తట్టింది. పద్యం మరిగిన చెవి యతిస్థానాన్ని ముందుగానే పసిగట్టినట్టు, ఆమె ఇన్నాళ్లూ తాళాన్ని పసిగట్టింది కంటితో. లాండ్రీలో తడినేల మీద చెప్పులు విడిచి పాడే తమ్ముడి ఎడమ మడమ, చరణం చివర రవ్వంత లేచి ఆగేది. ఆమె కూడా ఆగేది. జనం వెర్రెత్తిపోయింది ఆ ఆగడానికే.

"ఒరేయ్, బూట్లు విప్పి ఇటు రా."

"ఇప్పుడేంటక్కా?"

"నీ మడమ కనపడాలి."

తమ్ముడు ఒక క్షణం ఇంజనీరు వైపు, ఒక క్షణం సోఫా వైపు చూశాడు. తరువాత మైకు స్టాండు ఎత్తుకుని, ఉత్తకాళ్లతో ఆమె ఎదుటకు వచ్చి నిలబడ్డాడు.

ఇంజనీరు లబోదిబోమన్నాడు. "ఒకే గదిలోనా? డ్రమ్ముల మోతంతా నీ మైకులో పడుతుంది! తర్వాత దేన్నీ విడదీయలేను!"

"ఒక్కసారేగా అన్నావు? అది మా పద్ధతిలో కానీ," అంది అక్క.

అక్క హెడ్‌ఫోన్ తీసేసింది. పాట మొదలైంది. రెండో చరణంలో వేగం హెచ్చింది. ఆమె చూపు కిందికి దించింది. మడమ కూడా పరుగెత్తుతోంది. చివరి మాట దగ్గర అది లేచి, ఆగింది. కర్ర గాలిలో నిలిచింది. మడమ దిగింది, దానితోపాటే దెబ్బ పడింది.

పాట ముగిశాక ఇంజనీరు తన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "మధ్యలో పరుగెత్తారు," అన్నాడు. "అయినా బాగుంది. కానీ డ్రమ్ములు మార్చాలంటే ఇప్పుడు గొంతూ పారెయ్యాలి. మళ్లీ ఇలా పాడతావా?"

"పాడను," అన్నాడు తమ్ముడు.

సోఫాలోని పెద్దమనిషి కర్రలు సంచిలో సర్దుకున్నాడు. వెళుతూ తలుపులోంచి తొంగిచూసి, "ఆ ఆగడం నా వల్ల అయ్యేది కాదమ్మా," అన్నాడు.

అక్క తమ్ముడికేసి చూసింది. "విడదీయలేరని తెలిసే వచ్చావట్రా?"

"ఇంకా ఎనిమిది పాటలున్నాయి, కానీవే. కాళ్లు జివ్వుమంటున్నాయి."