బొగ్గు ముక్క పారేసిన రోజు

దయ్యాలను నమ్మేంత తీరిక నాకు ఎప్పుడూ లేదు. కామారెడ్డిలో నాకు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. కరెంటు కనబడకపోయినా ఉందని ఒప్పుకుంటాను గానీ, కనబడని మిగతావన్నీ లేవనే వాదించేవాణ్ని. ఈ సంగతిలో దయ్యం తప్పెంతో చెప్పలేను. తెలివితక్కువతనం మాత్రం ఎవరికీ వాటా ఇవ్వనక్కర్లేకుండా పూర్తిగా నాదే. ముందే ఒప్పుకుంటే మీకు నవ్వడానికి మొహమాటం ఉండదు.

యాభై దాటాక బైకు మీద దూరప్రయాణం చేయాలని నాకు బుద్ధి పుట్టింది. బుద్ధి అని మర్యాదకు అంటున్నాను. ఒక్కణ్నే మహారాష్ట్రంతా తిరిగాను. ఎండకు నల్లబడి, దుమ్ముకు తెల్లబడి, అసలు రంగేదో మరిచిపోయాను. నడుము నాతో మాట్లాడటం మానేసింది. అడవి జంతువుల్ని చూడాలన్నది ఈ ప్రయాణంలో నా కోరిక. దారి పొడవునా చూసినవి బర్రెలే.

అప్పుడు వదిన ఫోన్ చేసింది. మా అన్న పొలం గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే కామారెడ్డిలో ఆపరేషన్ చేశారు. కాలు బాగానే ఉంది, మనిషే బాగా లేడు. ముద్ద ముట్టడం లేదు. తినకపోతే గాయం మానదని డాక్టరు కోప్పడినా గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడట. చివరికి ఒక్క మాట అన్నాడట, అక్క చేతి నాటుకోడి కూరైతే తింటానని. అక్కకు చెప్పాను, వచ్చేటప్పుడు నువ్వే పట్టుకురా అంది వదిన.

మా అక్క ఎల్లారెడ్డిలో ఉంటుంది. నేను బిచ్కుంద మీదుగా ఆమె ఇంటికి చేరి, హెల్మెట్ తీసినట్టు కూడా గుర్తు లేకుండా పడి నిద్రపోయాను. పొద్దున నిద్ర లేపింది కూర వాసనే. జొన్నరొట్టెతో నేనూ తిన్నాను. కళ్లల్లో నీళ్లు తెప్పించే కారం, ఇంకో ముక్క వేయించుకోవాలనిపించే కారం.

అక్క స్టీలు డబ్బాలో కూర నింపి, మూత మీద ఒక బొగ్గు ముక్క, ఒక ఎండుమిరపకాయ పెట్టి గుడ్డతో మూట కట్టింది. మా దిక్కు మాంసం కూర ఊరు దాటించాలంటే ఇట్లాగే చేస్తారు. లేకపోతే దారిలో ఏదో వెంటబడి రుచంతా తినేస్తుందని నమ్మకం.

"తమ్మీ, ఇది తీయకు. తోవల ఎక్కడ ఆగకు. సీదా అన్న దగ్గరికే పో."

"బొగ్గుకు భయపడ్తే అదేం దయ్యమే అక్కా, ఇస్త్రీ బట్టనా?"

"దేవుడు నీకు నోరొక్కటే ఇచ్చిండురా. చెవులు పెట్టుడు మరిచిండు."

సీదాగా పోతే ఈ రాత ఉండేది కాదు. పోచారం అడవి కామారెడ్డి దారిలో ఉండదు, వేరే దిక్కున ఉంటుంది. కానీ సవారీ ఇక్కడితో అయిపోతోంది, సఫారీ ఒక్కటీ మిగిలిపోయిందని మనసు పీకింది. అన్న తినేది మధ్యాహ్నమే కదా, అప్పటికి చేరుకోవచ్చని లెక్క వేసుకున్నాను. అలసిపోయిన మనిషి లెక్కలు అట్లాగే ఉంటాయి.

అడవి గేటు దగ్గర కోతులు గుంపుగా ఉన్నాయి. డబ్బా బండి మీద వదిలితే వాటి పాలవుతుందని వెంట తీసుకుని జీపు ఎక్కాను. మూటలోంచి బొగ్గు తెల్లప్యాంటుకు అంటుకుంటోంది. పైముడి విప్పి, బొగ్గునూ మిరపకాయనూ పొదల్లోకి విసిరి, ముడి మళ్లీ గట్టిగా బిగించాను.

ఆ పొద్దు జీపులో నేనూ డ్రైవరూ తప్ప ఎవరూ లేరు. నా పక్క సీటు ఖాళీ.

"కమ్మగ వాసనొస్తున్నది. డబ్బల ఏందన్నా?" అన్నాడు డ్రైవరు.

"నాటుకోడి."

"బొగ్గు గిట్ల పెట్టిన్రా?"

"ఇప్పుడే పారేసిన."

అతని నవ్వు ఆగిపోయింది. "వాపస్ పోదామా అన్నా?"

"ఇంత దూరమొచ్చి వాపస్ ఏందే? పోనీ."

అతను గేరు మార్చి పోనిచ్చాడు. వెనక్కి కూడా తిరగలేదు. కుదుపులకు నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. ఒక మలుపులో నీటిమడుగు పక్కన జింకల మంద కనిపించింది. ఇన్నాళ్ల కోరిక తీరిందని ఫోన్ తీశాను. అవి తలలెత్తాయి. జింకలు మనిషిని చూస్తే పరుగెత్తుతాయి. ఇవి పరుగెత్తలేదు. అన్నీ ఒక్కసారే, మెల్లగా, వెనక్కి అడుగులు వేశాయి. చూపు నా మీద లేదు. నా పక్క సీటు మీద ఉంది.

సరిగ్గా అక్కడే కూర వాసన ఆగిపోయింది. అప్పటిదాకా జీపంతా నిండి ఉన్న వాసన, స్విచ్చి కట్టేసినట్టు పోయింది. అలసటకు ముక్కు కూడా నిద్రపోయిందనుకున్నాను. డబ్బా నా ఒడిలోనే ఉంది. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.

ఆసుపత్రిలో వదినే మూట విప్పింది. నేను బిగించిన ముడి బిగించినట్టే ఉంది. ముక్కలు ఉన్నాయి, పులుసు ఉంది, పైన తేలే ఎర్రటి నూనె ఉంది. అన్న చాలా రోజుల తర్వాత లేచి కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"అక్కకు ఏమన్న అయ్యిందారా?" అని మెల్లగా అడిగాడు.

"ఏం కాలే. ఎందుకు?"

"ఏమో. అక్క చేతిది కాదిది." కంచం పక్కకు జరిపి మళ్లీ గోడ వైపు తిరిగాడు.

నేను ఒక ముక్క తిన్నాను. ఉప్పు లేదు, కారం లేదు, చప్పదనం కూడా లేదు. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. అదే గిన్నెలోది పొద్దున నేను తిన్నాను. ఆ కారం తేన్పుల్లో ఇంకా వస్తూనే ఉంది. అక్కకు ఫోన్ చేస్తే, ఇంట్లో అందరూ గిన్నె నాకేసినట్టు తిన్నారని చెప్పింది. తర్వాత, "బొగ్గు తీసినవా?" అంది. ఫోనులో సిగ్నల్ పోయినట్టు నటించాను.

మర్నాడు అక్కే మళ్లీ వండి, డబ్బా ఒడిలో పెట్టుకుని బస్సులో వచ్చింది. బొగ్గు ఈసారి నిమ్మకాయంత ఉంది. అన్న కడుపునిండా తిని, పులుసు ఇంకొంచెం పోయమన్నాడు. వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను కారిడార్‌లోకి పోయి నిలబడ్డాను.

అన్న కర్ర పట్టుకుని నడిచే రోజుకల్లా నాకు కోపం మొదలైంది. మంచం మీదున్న మనిషి నోటికాడి కూడు తిన్నది ఎవరో, ఏమిటో తెలియదు. తెలియని వాళ్ల మీద పగ ఎట్లా తీర్చుకోవాలి? ఆలోచించి, నా చేత్తో నేనే కోడికూర వండాను. నా వంట గురించి మా ఇంట్లో ఎవరూ చెడుగా మాట్లాడరు, భయంతో అసలు ఆ మాటే ఎత్తరు. అదే డబ్బాలో పోసి, బొగ్గు పెట్టకుండా అదే గుడ్డ కట్టి, పోచారం పోయి అదే డ్రైవరు జీపు ఎక్కాను. అతను నన్ను చూసి దండం పెట్టాడు, నాకు కాదు, పైకి.

జింకలు ఈసారీ మడుగు దగ్గరే ఉన్నాయి. హాయిగా నీళ్లు తాగాయి. డబ్బా ఒడిలోంచి ఒక్క క్షణం కూడా దింపలేదు. డ్రైవరు చేతులు స్టీరింగు వదల్లేదు.

గేటు బయటికి వచ్చి మూట విప్పాను. కూర రుచి చూశాను. వండినప్పుడు ఎంత ఘోరంగా ఉందో అంతే ఘోరంగా ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు.

ముడి కట్టింది కట్టినట్టే ఉన్నా, విప్పేసరికి మూత మీద మాత్రం ఒక బొగ్గు ముక్క పెట్టి ఉంది. అది నేను పెట్టలేదు. ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు. ఏమైనా, నా వంటతో ఆ వెంటబడేదాన్నే భయపెట్టానన్న తృప్తి నాకు మిగిలింది.