గాలిమరలాయన మీద పిన్నిగారి నమ్మకం

నిన్న మా వీధిలో కరెంటు పోతే కింద జనరేటర్ వేశారు. డీజిల్ పొగ కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగలగానే, "రెండో ఇంజను కూడా వేశారా?" అని అడిగేశాను. మా ఆయన నాకేసి వింతగా చూశారు. ఆయన తప్పేం లేదు లెండి. రత్నం పిన్నిగారిని ఆయన ఎరగరు.

పిన్నిగారు మాకు చుట్టం కాదు. భీమవరం దగ్గర మా ఊళ్లో పక్కింటావిడ. ఆరెకరాల రొయ్యల చెరువు ఒంటిచేత్తో చేయించేవారు. ఆక్వా కోర్సు పూర్తిచేసి నేను ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరుగుతుంటే, పిలిచి తన చెరువు అప్పజెప్పారు. ఆడపిల్ల గట్టుమీద ఏం చూస్తుందని నవ్వినవాళ్లతో, "చూసేది ఆడో మగో రొయ్యకేం పట్టిందండి? మేత వేస్తే తింటుంది" అనేవారు.

ఆ ఏడు డీజిల్ ధర కొండెక్కి కూర్చుంది. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యకు ఊపిరాడదు; అవి తిరగాలంటే డీజిల్ ఇంజన్లే గతి. సరిగ్గా అప్పుడే అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. మన రొయ్యలు తినేది వాళ్లే కాబట్టి పిన్నిగారు వాటిని మన పంచాయతీ ఎన్నికలకంటే శ్రద్ధగా పట్టించుకునేవారు. పోటీదారుల పేర్లకు ఆవిడ నోరు తిరిగేది కాదు. చమురు బావులు ఇంకా తవ్వుదామన్నవాడు బావులాయన, గాలితోనూ ఎండతోనూ కరెంటు తీద్దామన్నవాడు గాలిమరలాయన. రోజూ పొద్దున్నే ఇంగ్లీషు పేపరు తెచ్చి, ఎవరు ముందున్నారో గట్టుమీద నిలబడి చదివి చెప్పడం నా పనుల్లో ఒకటి.

"గాలిమరలాయన నెగ్గాలే అమ్మాయ్! వాళ్లు గాలితో బళ్లు నడుపుకుంటే, వాళ్లు వాడగా మిగిలిన డీజిల్ మనకు చవగ్గా రాదూ?" అనేవారు.

"అంత తొందరగా తగ్గదేమోనండి."

"నెగ్గుతాడని తెలిస్తే చాలు, దాచుకున్నవాడు బయటికి తీసేస్తాడు. మన ఊళ్లో ఉల్లిపాయల సంగతి చూళ్లేదా?"

ఈ ధీమాతోనే దూరపు మూల ఉన్న రెండో ఇంజను ఆపేయించారు. ధర దిగాక వేద్దాం, ఇంకో ఇరవై రోజులు ఉంచితే రొయ్య బాగా బరువెక్కుతుందని ఆవిడ ఆశ. వద్దని గట్టిగా చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. పెట్టుబడంతా ఆ నీళ్లలోనే ఉందని తెలిసి కూడా నోరెత్తలేదు.

ఓ రోజు సర్వేలో గాలిమరలాయన ఆరు పాయింట్లు ముందున్నాడని చదివాను. పిన్నిగారు పొంగిపోలేదు సరికదా, కళ్లు చికిలించారు. "మొన్న వెనకబడ్డాడన్నావు కదే? అసలు ఎంతమందిని అడిగారంట?"

"వెయ్యి మందినండి. ఫోన్లు చేసి."

"అంత దేశానికి వెయ్యి మందేనా! పైగా ఫోనెత్తినవాళ్ల మాటే రాస్తారన్నమాట. ఎత్తనివాళ్ల సంగతేంటి?"

ఎత్తనివి నా దగ్గర కూడా ఉన్నాయి. రొయ్యలు మేత తింటున్నాయో లేదో తెలియడానికి చెరువు నాలుగు మూలలా చెక్ ట్రేలు దింపుతాం. ట్రేలో కొంచెం మేత పెట్టి ముంచి, రెండు గంటలయ్యాక లేపి చూస్తాం. ఖాళీ అయితే రొయ్య కులాసాగా ఉన్నట్టు. దూరపు మూలలకు దారంతా బురద. పైగా అక్కడో నీరుకట్టె పాము కాపురం. అందుకని నేను రోడ్డువైపు రెండు ట్రేలు లేపి, నాలుగూ ఖాళీ అని చెబుతున్నాను.

"ఏంటే అలా కొయ్యబారిపోయావు? ట్రేలు చూశావా?"

"చూశానండి... రెండు."

"ఎన్నాళ్లనించి?"

"నాలుగు రోజులనించండి."

పిన్నిగారు చీర కుచ్చిళ్లు ఎగదోపి బురదలోకి దిగారు. నేను ఏడుస్తూ వెనకే పరిగెత్తాను. దూరపు ట్రే లేపితే, పెట్టిన మేత పెట్టినట్టే ఉంది. దానిమీద రెండు రొయ్యలు సోలిపోయి పడున్నాయి. పాము మాత్రం ఎక్కడా కనబడలేదు.

"నేను ఇంజను ఆపాను, నువ్వు చూడ్డం ఆపావు. ఇద్దరం ఇద్దరమే," అన్నారావిడ. "ఏడుపు తరవాత. ముందు ఐసుకి ఫోన్ చెయ్యి."

రెండో ఇంజను వేయించి, వలల వాళ్లను పిలిపించి, సాయంత్రానికల్లా చెరువు పట్టించేశారు. ఆశపడ్డ బరువు రాలేదు గానీ సరుకు చాలావరకు దక్కింది. లారీ కదులుతుంటే పక్క చెరువు సూర్రావుగారు వచ్చి, "అదేంటండి, ఇంకో ఇరవై రోజులు ఉంచుతానన్నారు?" అని అడిగారు.

"మా అమ్మాయి దూరపు మూల ట్రే లేపి చూసి, పట్టేయమందండి. దాని పుణ్యమా అని బయటపడ్డాను," అన్నారు పిన్నిగారు, నా భుజం మీద చెయ్యి వేసి.

సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు తిట్టినా హాయిగా ఉండేది. ఆయన వెళ్లాక, "అలా అన్నారేంటి పిన్నిగారూ?" అన్నాను.

"రేపు ఊరంతా నిన్నే పిలుస్తుంది. ఇహ చచ్చినట్టు చూస్తావులే," అన్నారు.

మర్నాడు మొట్టమొదట సూర్రావుగారే కబురు పెట్టారు. ఆయన చెరువుకు వెళ్లి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వినబడేలా చెప్పి, దూరపు మూల ట్రే ముందు లేపించాను. అప్పటినుంచి ఎన్ని చెరువులు చూశానో! ఆ రోజు పిన్నిగారు చెప్పింది అబద్ధమని ఆవిడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆవిడ లేరు, కాలం చేశారు. దాన్ని నిజం చేసే పని నా ఒక్కదాని మీదా పడింది. ఇంకా పూర్తి కాలేదు.