ఎడమచెయ్యక్క మళ్ళీ వచ్చింది

రైలు దిగీ దిగగానే ఆమెకి వినిపించింది తన పాత పేరే. "ఏమే ఎడమచెయ్యీ!" అని ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఒకటే కేక. ఆ పిలుపు విని పంతొమ్మిదేళ్ళయింది. పిలిచింది బొత్తాలక్క, ఒకప్పుడు ఒకే గదిలో ఆమె పక్కన చాప వేసుకుని పడుకున్న మనిషి. బొత్తాలు కుట్టీ కుట్టీ వేళ్ళు కాయలు కాశాయి గానీ ఆ గొంతు మాత్రం ఇసుమంతైనా అరగలేదు.

"ఊరంతా వినాలా ఏంటే?" అంది ఆమె, సంచి కింద పెట్టకుండానే కావలించుకుని.

"వింటే విననీ! దొంగతనం చేశావా?"

దొంగతనం చేసినా అంత చెడ్డపేరు వచ్చేది కాదులెండి. సంగతేమిటంటే, ఈ ఊరి బట్టల ఫ్యాక్టరీలోనే ఆమె కటింగ్ మాస్టారి దగ్గర పని నేర్చుకుంది. ఒకసారి పూలబట్ట వచ్చింది, అచ్చు ఒకవైపే. మామూలు తెల్లబట్టకి రెండువైపులా ఒకటే కాబట్టి చొక్కా ఎడమచేతి ముక్కని తిరగేస్తే కుడిచెయ్యి అయిపోతుంది. ఆ అలవాటు కొద్దీ ఈవిడ అరవై పొరలు పరిచి, ఎడమచేతి కొలత కాగితాన్నే రెండుసార్లు పెట్టి గీసి, కరకరా కోసేసింది. తీరా చూస్తే అన్నీ ఎడమచేతులే! తిరగేద్దామంటే పూలు లోపలికి పోతాయాయె. మాస్టారు అందరి ముందూ ఆమె చేతిలోంచి కత్తెర లాక్కుని, "ఇక జన్మలో దీన్ని ముట్టుకోకు. రేపట్నించి రావద్దు" అన్నాడు. ఆ సాయంత్రమే ఊరు వదిలేసింది. ఊరు వదిలింది గానీ కత్తెర వదల్లేదు. మొండిఘటం మరి.

ఇప్పుడామెకి వేరే ఊళ్ళో సొంత కుట్టుశాల ఉంది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. పనిచేస్తారన్న మాటే గానీ, రెండు నెలలుగా సగం రోజులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటున్నారు. ఈ ఊరి ఫ్యాక్టరీకి ఆసుపత్రి కోట్ల పని తలకు మించి వచ్చిపడింది, సగం బయటికి ఇస్తామన్నారు. అది దక్కితే ఏడాది పని. దక్కకపోతే వచ్చే నెల నలుగురితో "ఇక రావద్దమ్మా" అనాలి. ఆ మాట పడ్డ మనిషికి ఇంకొకరిని అనడానికి నోరెలా వస్తుంది?

ముందు బొత్తాలక్క గదికి వెళ్ళారు. అదే గది, లాండ్రీ పైన, కిటికీకి అదే పగిలిన అద్దం. మంచం మీద వెలిసిపోయిన పూల దిండు చూసి ఆమె ఆగిపోయింది.

"ఇది నా బట్టేనా?"

"నీదే! పారేస్తుంటే మూటకట్టి తెచ్చా. పంతొమ్మిదేళ్ళుగా నీ ఎడమచేతుల మీదే నా నిద్రంతా!"

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ ఆమె కళ్ళు తుడుచుకుంది. అందులో కొంత ఏడుపూ ఉంది, దాచడమెందుకు?

ఫ్యాక్టరీ మేనేజరు వయసులో చిన్నదే గానీ మాట ముక్కుసూటి. ఆమె కుట్టి తెచ్చిన నమూనా కోటు తిరగేసి, కుట్లు లాగి చూసి, బాగుందంది. అంతలో తలెత్తి, "ఆ ఎడమచేతులావిడ మీరేనట కదా?" అని అడిగింది. పక్కబల్లల వాళ్ళు మూతి తిప్పుకుని నవ్వారు. ఆమెకి ఒళ్ళు మండింది.

"నేనేనండీ. అబద్ధమెందుకు?"

"మరి ఇంత పని మిమ్మల్ని నమ్మి ఎలా ఇవ్వను?"

"కటింగ్ బల్ల దగ్గరికి రండి. నేనెలా కోస్తానో చూసి చెప్పండి."

అక్కడ మాస్టారే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, చూపు మాత్రం అదే. బల్ల మీద నీలంబట్ట ఎనభై పొరలు పరిచి ఉంది. కోతమెషిను గుయ్యిమంటోంది. ఆమెని గుర్తుపట్టి కూడా పట్టనట్టే నిలబడ్డాడు.

"మా దగ్గర కత్తి ఆడేముందు ఒక పద్ధతుందండీ," అంది ఆమె మేనేజరుతో. "కోసేవాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా సరే, చేతుల కాగితాలు రెండూ తమ ఒంటిమీద పెట్టుకుని పైకి చెప్పాలి." పొరల మీదున్న కాగితం తీసి ఎడమచేతికి పెట్టుకుంది. "ఎడమ." నవ్వులు వినపడ్డాయి. రెండో కాగితం కుడిచేతికి పెట్టుకుంటే కుదరలేదు. "ఇదీ ఎడమే."

"ఇన్నేళ్ళుగా ఇలాగే కోస్తున్నాం అమ్మాయ్. తిరగేస్తే కుడి అవుతుంది, ఆ మాత్రం తెలీదూ?" అన్నాడు మాస్టారు.

"ఇది మనం రోజూ కోసే బట్టేనా మాస్టారూ?"

పొరల అంచు పట్టుకుని ఎత్తింది. తడి అంటకుండా పైవైపు మాత్రమే నున్నటి పూత. రెండో పొరకీ పైవైపే. మూడోదానికీ అంతే.

మాస్టారు చెయ్యి చాచి మెషిను ఆపేశాడు. ఇంకొక్క క్షణమైతే ఎనభై పొరలూ గంగలో కలిసేవి. ఒక్కరు నవ్వితే ఒట్టు.

ఆమె నాలుక చివర ఎన్ని మాటలు ఊరాయో! పంతొమ్మిదేళ్ళుగా దాచుకున్నవి. కానీ మాస్టారి తెల్లజుట్టు చూసి అన్నీ మింగేసి, ఒక కాగితాన్ని బోర్లా తిప్పి, సుద్దతో కుడిచెయ్యి గీసింది.

"జన్మలో కత్తెర ముట్టుకోవద్దన్నాను నిన్ను," అన్నాడు మాస్టారు, అందరికీ వినపడేలా.

"అన్నారు."

"తప్పుగా అన్నాను. నువ్వే కొయ్యమ్మా." ఆనాడు కత్తెర లాక్కున్న చేత్తోనే మెషిను పిడి ఆమె వైపు తిప్పాడు.

ఆమె కోసింది. గీత మీద వెంట్రుకంత కూడా పక్కకి పోలేదు. మాస్టారు ముక్కలు రెండూ తన చేతులకి చుట్టుకుని పైకెత్తి, "ఎడమ! కుడి!" అని అరిచాడు. గదంతా చప్పట్లు. మేనేజరు కాగితాల మీద సంతకం చేస్తుంటే తలుపు దగ్గర నుంచి బొత్తాలక్క, "అయితే నాకు కొత్త దిండ్లు లేనట్టేనా?" అంది.

ఆమె ఫోను తీసి కుట్టుశాలకి చేసింది. అవతల పద్నాలుగు గొంతులూ ఒక్కసారే, "అక్కా, ఏమైంది?"

"కత్తెర్లన్నీ సాన పట్టించండే," అంది ఆమె. "రేపట్నించి అందరూ రావాలి. అందరూ!"