టైరు అంచు తెగిన రోజు

ఆ ఉదయం పని మొదలుపెట్టేటప్పుడే నా మనసు ఒప్పుకోలేదు. అది 2004 ప్రాంతం. ముదినేపల్లి అవతల చేపల చెరువుల గట్ల మీద మేత బస్తాలు చేరవేసే జీపుకు నేను డ్రైవర్ని. ముందు టైరు చీలిపోతే, బురదలో పట్టు దొరికే మందపాటి టైరు కొత్తది తెప్పించారు. రిమ్ము మాత్రం పాతదే, తుప్పు పట్టింది.

"ఏలూరు తీసుకెళ్లి లారీ టైర్ల షాపులో ఎక్కిద్దామండీ. అక్కడ పేలినా మనిషికి తగలకుండా ఇనప బోనులో పెట్టి గాలి కొడతారు" అన్నాను యజమాని చలపతిగారితో.

"అంత దూరమా? చేపలకి మేత ఆలస్యమైపోద్దయ్యా. కంప్రెసరు కొన్నది ఎందుకూ? ఇక్కడే కానీ."

ఆ కంప్రెసరుకి గాలి ఎంతెక్కిందో చూపే గేజీ పనిచేయదు. గొట్టం పొట్టిది. టైరు మీదికి వంగి, వాల్వు దగ్గర చేత్తో పట్టుకునే ఉండాలి. సబ్బునీళ్లు రాసి గాలి పెట్టాను. టైరు అంచు ఒక పక్క రిమ్ములో కూర్చుంది. రెండో పక్క తుప్పు దగ్గర పట్టేసింది. ఆపేశాను.

"గాలి తీసేసి మళ్లీ సబ్బు రాస్తానండీ."

"ఇంకొంచెం కొట్టవయ్యా, అదే ఎక్కుద్ది."

కొట్టాను. అంచు లోపలుండే ఉక్కు తీగ తెగి టైరు పేలింది. చక్రం పైకి లేచి నా కుడి చేతిని కొట్టింది. పడి లేచేసరికి మోచేతికీ మణికట్టుకీ మధ్య చెయ్యి వంగిపోయి, ఎముక బయటికి వచ్చి ఉంది. చలపతిగారి నోరు కదులుతోంది గానీ మాట వినపడడం లేదు.

ఏలూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. "ఓపెన్ ఫ్రాక్చర్. రెండు బోన్సూ విరిగాయి. లోపలికి మట్టి వెళ్లింది, ముందు ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడాలి" అని డాక్టరు చెప్పారట. నా భార్య రూతు నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది. రెండు ఇయర్ డ్రమ్సూ చిరిగాయి. ఎడమది మానింది. కుడి చెవిలో హోరు ఇప్పటికీ ఆగలేదు.

ఎముకల్లోకి పిన్నులు దింపి, బయట రాడ్లతో ఫిక్సేటర్ బిగించారు. అయినా ఇన్‌ఫెక్షన్ వచ్చింది. జ్వరం, చీము, కుళ్లిన కండ కోసేయడం. అది తగ్గాక ప్లేట్లు వేశారు, తుంటి నుంచి ఎముక తీసి బోన్ గ్రాఫ్ట్ చేశారు. కట్లు విప్పాక వేళ్లు పైకి లేవలేదు.

"నర్వ్ బాగా దెబ్బతింది. ఫిజియోథెరపీ చేయించండి. పూర్తిగా వస్తుందని మాటివ్వలేను" అన్నారు డాక్టరు. ఆ ఒక్కాయనే నాతో నిజం చెప్పారు.

చలపతిగారు ఒక్కసారి వచ్చారు, బత్తాయిలు పట్టుకుని. మంచం కాళ్ల దగ్గర నిలబడి రూతుతో, "మావాడికి కంగారెక్కువమ్మా. చూసుకుని కొట్టాల్సింది" అన్నారు.

"కొట్టమన్నది మీరే కదండీ?" అంది రూతు.

"ఏదో, టైము బాగోలేదు" అంటూ బయటికి నడిచారు. నా చేతికి ఫిక్సేటర్ ఉండగానే జీపుకు కొత్త డ్రైవరు వచ్చాడు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లు గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నాను. అన్నం ఎడమ చేత్తో తింటాను. చొక్కా గుండీలు రూతు పెడుతుంది. చర్చిలో పాస్టరుగారు క్షమించమంటారు. క్షమించానని పెదవులతో అన్నాను. లోపలి నుంచి రాలేదు. చలపతిగారు ఇప్పుడు గట్టు మీద ఇనప బోను పెట్టించారట. వచ్చినవాళ్లకి చూపించి, పనివాళ్లంటే తనకెంత శ్రద్ధో చెబుతారట.

సొంతంగా టైరు ఎక్కించుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. అంచు ఎక్కకపోతే గాలి పెంచకండి. టైరు మీద రాసిన గాలి హద్దు దాటకుండా ఆపి, దూరంగా ఉండి గాలంతా తీసేసి, రిమ్ము శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి. పక్కనున్నవాళ్లు తొందరపెడితే గొట్టం కింద పెట్టి ఇంటికి వచ్చేయండి. ఉద్యోగం పోతుందని భయం వేస్తుంది. మాట విన్నా నాకు ఉద్యోగం మిగల్లేదు.