ఈశాన్యంలో కొండలు

ఆ వయసులో ఒళ్ళు అలిసేది గానీ ఆశ అలిసేది కాదు. ఇప్పుడు రెండూ కలిసే అలుస్తున్నాయి కాబట్టి తేడా తెలుస్తోంది. చిలకలూరిపేటలో కొట్లకు బోర్డులు రాస్తూ తిరిగే రోజులవి. పత్తి మిల్లులో పనిచేసే మా నాన్న నాకు ఒక షరతు పెట్టాడు. "మీ మామ కొత్తింట్లో బొమ్మ వెయ్యి. అది బాగుంటే నీ దారి నీది. లేదంటే నాతో మిల్లుకు రా." దాంతో నేను ఓ పాత క్యాలెండరు పట్టుకుని, మామయ్య హాల్లో ఉత్తరం గోడ నిండా ఎక్కడిదో విదేశీ సరస్సు, దాని ఒడ్డున బురుజుల కోట, పక్కన మంచుకొండలు దింపేశాను. (మంచు నేనెప్పుడూ చూడలేదు. మిల్లులో దూదిని తలుచుకుని వేశాను.)

గృహప్రవేశం దగ్గర పడుతుండగా వాస్తు చూసే పెద్దాయన వచ్చాడు. మేం ఆయన్ని వాస్తు తాతయ్య అనేవాళ్ళం. ఇల్లంతా తిరిగి బాగుందన్నాడు, నా గోడ ముందు మాత్రం ఆగిపోయాడు. "ఈశాన్యం మూల కొండలేందయ్యా? అంత బరువు పెట్టుకుని ఇంట్లో ఎట్టా ఉంటారు?" బొమ్మే కదండీ అన్నాను. "బొమ్మయితే మాత్రం కొండ కొండ కాదా?" అన్నాడు. మామయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్ అల్లుడూ, కొండలు పడమటికి జరిపి నీళ్ళు ఇటు తీసుకురారా," అన్నాడు, మంచం జరపమన్నంత తేలిగ్గా. జరిపాను. మర్నాడు తాతయ్య మళ్ళీ వచ్చి, కోట గుమ్మం దక్షిణానికి ఉందని కనిపెట్టాడు. తూర్పుకు తిప్పాను. అప్పుడు అత్తయ్య వచ్చి, "గుమ్మం దిగితే నీళ్ళేనా? పిల్లలు గలవాళ్ళు అందులో ఎట్టా కాపురం చేస్తారయ్యా?" అంది. నాకు ఏడుపొచ్చింది. సరస్సు సగం పూడ్చి వాకిలి చేశాను. అంత వాకిలీ బోడిగా ఉందని మళ్ళీ అత్తయ్యే అనేసరికి, మిగిలిన ఎర్ర రంగంతా విసుగ్గా వాడేసి దాని నిండా మిరపకాయలు ఆరబోశాను.

గృహప్రవేశం నాడు నాన్న వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. ఆయన కోట వంక చూడలేదు, కొండల వంకా చూడలేదు. మిరపకాయల దగ్గరికి వంగి, "కాయలు బాగా ఎండినయ్ రా," అన్నాడు. నా వంక తిరిగి, "మిల్లుకు రావద్దులే," అన్నాడు.

అలా మిల్లు తప్పింది. ఆ కాయలు చూసిన మామయ్య స్నేహితుడొకాయన తన కారం కొట్టు గోడకు వేయమన్నాడు. అక్కడ చూసి మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీ వాళ్ళు పిలిచారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా, పొదిలి మొదలు గుంటూరు వరకూ గోడల మీద మిరపకాయలే వేస్తున్నాను. మెడ పట్టేస్తోంది, ఎరుపు చూస్తేనే కళ్ళు మండుతున్నాయి (రంగులో కారం ఉండదని తెలిసినా సరే). సరస్సు వేయమని మళ్ళీ ఒక్కరూ అడగలేదు. అయినా ఆ రోజు నాన్న సైకిలు వెనక కూర్చుని, ఇక తాను పెద్ద చిత్రకారుణ్ణయిపోయానని పొంగిపోతూ ఇంటికెళ్ళిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎదురుపడితే వాడికి నిజం చెప్పాలని మాత్రం అనిపించదు.